అప్పగింతల కొండ

న్యూజీలాండు ఉత్తర దీవి నడుమ తొంగరిరో అనే అగ్నిపర్వతం ఉంది. దాని మీదుగా ఒక కాలిబాట సాగుతుంది. పొడవు సుమారు 20 కిలోమీటర్లు, నడక 7, 8 గంటలు. ఒక్క రోజులో నడిచి ముగించగల కొండదారులలో అందమైనవాటిని లెక్కపెట్టేవారెవరూ దీన్ని మరిచిపోరు. ఏటా లక్షమందికి పైగా నడిచే బాట ఇది. నేనూ నడిచాను. అయితే నేనిక్కడ చెప్పదలచుకున్నది ఆ బాట అందచందాల గురించి మాత్రమే కాదు. ఆ కొండను ఒకరు మరొకరి చేతిలో పెట్టిన వైనం గురించి. చేతిలో పెట్టడం అన్న మాటను కావాలనే వాడుతున్నాను. ఎందుకో పోనుపోను తెలుస్తుంది.

ముందుగా పేర్ల సంగతి. ఇంగ్లీషు అక్షరాలను చూసి మనవాళ్ళు దీన్ని 'టోంగారిరో' అని రాస్తుంటారు. మావోరీ భాషలోని ఆ మొదటి ధ్వని మన 'త'కు దగ్గరగా ఉంటుంది కనుక నేను తొంగరిరో అంటాను. దాని పక్కనే శంఖం బోర్లించినట్టు నిలబడ్డ కొండ పేరు తెలుగువాళ్ళకు మరింత సరదా కలిగిస్తుంది. మన వర్ణమాలలో 'ఘ' తర్వాత ఒక అక్షరం ఉంది. పలక మీద దిద్దాం, వదిలేశాం, ఆ తర్వాత దానితో పని పడలేదు. ఆ 'ఙ'తో మొదలయ్యే అచ్చ తెలుగు మాట నాకొక్కటీ తెలియదు. మావోరీలో అలాంటి మాటలు కొల్లలు. ఆ కొండ పేరు ఙౌరుహోయె. అక్షరం మన దగ్గర ఉంది, దానికి పని వాళ్ళ దగ్గర ఉంది! మూడవది రువపెహు, 2,797 మీటర్ల ఎత్తు. ఉత్తర దీవిలో అంతకు మించిన శిఖరం లేదు. ఈ మూడూ నేటికీ ప్రాణమున్న అగ్నిపర్వతాలే.

వీటికి నిప్పు ఎక్కడినుంచి వచ్చిందో మావోరీలు ఒక కథ చెబుతారు. తె అరావ అనే పడవలో సముద్రం దాటి వచ్చిన ఙాతొరోయిరంగి అనే పూజారి ఈ కొండ ఎక్కాడు. పైన దక్షిణపు చలిగాలికి కొయ్యబారిపోతూ, పూర్వుల దేశమైన హవాయికిలో ఉన్న తన అక్కచెల్లెళ్ళను కేకవేసి, నిప్పు పంపమని వేడుకున్నాడు. వాళ్ళు పంపిన నిప్పు సముద్రం అడుగునా నేల కిందా ప్రయాణం చేసి, దారిలో తల ఎత్తిన ప్రతిచోటా ఆవిర్లూ వేడినీటి బుగ్గలూ వదిలి, చివరికి శిఖరం మీద పైకి తన్నుకొచ్చింది. 'తొంగ' అంటే దక్షిణపు గాలి, 'రిరో' అంటే పట్టుకుపోవడం. ఆ కేకలోని మాటలే కొండకు పేరయ్యాయి.

భూగర్భశాస్త్రం చెప్పేది దీనికి మరీ దూరం కాదు. పసిఫిక్ ఫలకం ఆస్ట్రేలియా ఫలకం కిందికి దూరుతున్నందువల్ల, ఈశాన్యాన సముద్రంలో ఉన్న ఫకారి దీవి మొదలుకొని నైరుతిన రువపెహు దాకా అగ్నిపర్వతాలు, ఆవిరిగుంటలు, వేడినీటి బుగ్గలు ఒకే వరుసలో ఉన్నాయి. పూజారి నిప్పు నడిచిన దారీ అదే. కథ కట్టినవాళ్ళు ఆ నేలను ఎంత శ్రద్ధగా చూశారో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంకో కథ కూడా ఉంది. ఒకప్పుడు కొండలన్నీ ఇక్కడే గుమిగూడి ఉండేవి. పిహంగ అనే అందమైన కొండ కోసం తొంగరిరోకూ తరనాకి అనే కొండకూ పోరు జరిగింది. ఓడిన తరనాకి రాత్రికి రాత్రే పడమటికి పారిపోయింది. అది నేలను చీల్చుకుంటూ పోయిన చాలులో నీళ్ళు నిండి వంగనుయి నది అయింది. తరనాకి ఇప్పటికీ పడమటి తీరాన ఒంటరిగా నిలబడి ఉంది. ఈ కథను గుర్తుంచుకోమని మనవి. చివర్లో దీనితో పని పడుతుంది.

ఈ కొండల చుట్టూ ఉన్న నేలకు హక్కుదారులలో ముఖ్యులు ఙాతి తూఫారెతోవ తెగవారు. వారి ప్రధాన నాయకుడి వంశనామం తె హెయుహెయు. కొండ శిఖరాలు వారికి 'తపు', అంటే తాకరానంత పవిత్రం. ఇంగ్లీషులో 'టాబూ'గా స్థిరపడింది ఈ పాలినీషియా మాటే. శిఖరాలు వారికి పూర్వీకులు. పూర్వీకుల తల మీద ఎవరైనా కాలు పెడతారా?

పెట్టినవాడున్నాడు. 1839 మార్చిలో జాన్ కార్న్ బిడ్‌విల్ అనే ఇంగ్లీషు వృక్షశాస్త్ర ప్రియుడు, స్థానికులు వారించినా వినక ఙౌరుహోయె ఎక్కాడు. ఆస్ట్రేలియాలోని బున్యా పైన్ చెట్టు శాస్త్రీయ నామంలో ఇతని పేరే ఉంటుంది. ఆనాటి నాయకుడు మనానుయి తె హెయుహెయు ఈ సంగతి తెలిసి మండిపడ్డాడు. ఆ మరుసటి ఏడు బ్రిటిషువారు తెచ్చిన వైతాంగి ఒడంబడిక మీద సంతకం చేయడానికి నిరాకరించిన నాయకుడు ఇతడే. తమ్ముడు సంతకం పెట్టి పుచ్చుకొచ్చిన కంబళ్ళను కూడా వెనక్కి పంపించాడు. 1859లో భూగర్భశాస్త్రవేత్త ఫెర్డినాండ్ ఫాన్ హోఖ్‌స్టెట్టర్ ఇక్కడికి వచ్చినప్పుడు కూడా తొంగరిరో ఎక్కడానికి అనుమతి దొరకలేదు.

మనానుయి అప్పటికే లేడు. 1846 మే నెలలో తౌపో సరస్సు ఒడ్డున ఉన్న అతని ఊరి మీద కొండచరియ విరిగిపడి, సుమారు 60 మందితో పాటు అతనూ మట్టిలో కలిసిపోయాడు. తర్వాత అతని అస్థికలను తొంగరిరో శిఖరబిలంలో ఉంచాలని మోసుకుపోయినవారు, పైదాకా చేరలేక దారిలోనే కొండ పార్శ్వాన దించివచ్చారు. అతని కొడుకు తండ్రి మరణానికి గుర్తుగా హొరొనుకు అని పేరు మార్చుకున్నాడు. ఆ మాటకు అర్థం విరిగిపడ్డ నేల అని. తండ్రిని మింగిన మట్టిని పేరుగా మోసిన ఈ కొడుకే మన కథకు నాయకుడు.

ఇక నడకలోకి వద్దాం. బాట పడమటివైపున మాంగతెపోపో లోయలో, 1,100 మీటర్ల ఎత్తున మొదలవుతుంది. మొదటి గంట పెద్దగా ఎక్కడం ఉండదు. చెట్టన్నది లేదు. జడలుగా పెరిగే పచ్చగడ్డి దుబ్బులు, రాళ్ళ మీద బూడిదరంగు నాచు, చిన్న వాగు. కుడివైపు ఙౌరుహోయె. దాని ఒంటి మీదినుంచి లోయలోకి జారి ఆగిపోయిన లావా నాలుకలు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. పాతవాటి మీద గడ్డి, పొదలు మొలిచాయి. 1949, 1954లలో పారినవి ఇంకా నల్లగా, బరుకుగా, నిన్న చల్లారినట్టున్నాయి. నేల వయసును మొక్కలు చూసి చెప్పవచ్చునని అక్కడ నడిస్తే తెలుస్తుంది.

లావా రాయి తెలుగువాళ్ళకు పరాయిది కాదు. తాండూరు, వికారాబాదు, ఆదిలాబాదు ప్రాంతాల నల్లరేగడికి తల్లి ఆ రాయే. రాజమండ్రికి ఎదురుగా గోదావరి పడమటి వైపున పంగిడి, దుద్దుకూరు క్వారీలలో కొట్టే నల్లరాయి కూడా అదే. ఆ లావా పడమటి కనుమల వైపునుంచి దాదాపు 1,000 కిలోమీటర్లు పారి వచ్చిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. కాకపోతే మన రాయి చల్లారి ఆరున్నర కోట్ల ఏళ్ళు దాటింది. దాన్ని మనం కంకరగా కొట్టి రోడ్డు మీద పోస్తాం, భయమూ లేదు భక్తీ లేదు. ఇక్కడి రాయి చాలామంది తాతల కళ్ళముందు నిప్పుగా పారింది. దక్కన్ లావా గురించి చదివినప్పుడు అర్థం కానిది ఈ లోయలో అర్థమైంది. నేల కూడా ఒకప్పుడు పసిది, దాని పుట్టుక చూసినవాళ్ళుంటే వాళ్ళు దాన్ని వట్టి నేలగా చూడలేరు.

లోయ చివర మెట్లదారి మొదలవుతుంది. గంటసేపు ఊపిరి ఎగబీల్చుకుంటూ ఎక్కితే ఒక్కసారిగా విశాలమైన బయలు. దీన్ని దక్షిణ బిలం అంటారు. పేరుకు బిలమే గాని, నిజానికి గుట్టల నడుమ పూడిపోయిన చదునైన పళ్ళెం. పసుపు, గోధుమ రంగుల మట్టి తప్ప మరేమీ లేదు. నడుస్తున్నవాళ్ళ మాటలు కూడా అక్కడ తగ్గిపోతాయి. అక్కడినుంచి ఙౌరుహోయె మరీ దగ్గర. ఒకప్పుడు ఇక్కడినుంచే చాలామంది శిఖరానికి ఎక్కేవారు. 2001 నుంచి 2003 వరకు వచ్చిన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' చిత్రాలలో ఈ కొండను రాక్షస పర్వతంగా చూపించాక ఎక్కేవారు ఇంకా పెరిగారు. ఆ చిత్రబృందం కూడా తెగవారి మన్నన కోసం శిఖరాగ్రాన్ని చిత్రీకరించలేదంటారు. 2017లో శిఖరాలకు దారి చూపే గుర్తులను తీసివేసి, దయచేసి ఎక్కవద్దని అడగడం మొదలుపెట్టారు. నిషేధం కాదు, విన్నపం. బిడ్‌విల్‌ను వారించిన 178 ఏళ్ళకు అదే మాట ప్రభుత్వం నోట వచ్చిందన్నమాట.

ఙౌరుహోయె ఎదుట నిలబడినప్పుడు నాకు జ్ఞాపకం వచ్చింది ఒక న్యాయస్థానం. 1860ల చట్టాలతో మావోరీ భూముల కోసం ప్రత్యేకంగా ఒక కోర్టు ఏర్పడింది. దాని పని ఏమిటంటే, తెగ మొత్తానిదైన ఉమ్మడి నేలను విచారించి, కొందరి పేర పట్టాలు రాయడం. పట్టా రాశాక అమ్ముకోవచ్చు, కొనవచ్చు. అంతవరకు 'మేం ఈ నేలవాళ్ళం' అనుకున్నవాళ్ళు అక్కడినుంచి 'ఈ నేల నాది' అనవలసివచ్చింది. ఉమ్మడి ఆస్తి పంచుకున్న ప్రతి ఇంటికీ తెలుసు, పంపకం కాగితాల మీద మొదలైనా అక్కడితో ఆగదు. ఎకరం తర్వాత ఎకరం మావోరీల చేతులు దాటిపోయింది ఈ దారినే.

1886లో తౌపో ప్రాంతపు భూముల విచారణ జరిగింది. మావోరీ ఆచారంలో నేల మీద హక్కుకు రుజువు 'అహి కా', అంటే ఆరకుండా మండే పొయ్యి. మా పొయ్యి ఇక్కడ వెలుగుతోంది కనుక ఈ నేల మాది అనడం. దీని మీద ఒక ఉదంతం పరంపరగా చెబుతారు. విచారణలో ప్రత్యర్థి లేచి, ఈ కొండల మీద నీ పొయ్యి ఎక్కడ అని హొరొనుకును నిలదీశాడట. హొరొనుకు కిటికీలోనుంచి పొగ చిమ్ముతున్న ఙౌరుహోయె వైపు వేలు చూపాడట. అక్షరాలా అలాగే జరిగిందో లేదో గాని, ఆ జవాబులో ఉన్న న్యాయం మాత్రం కోర్టు పుస్తకాలలో ఎక్కడా దొరకనిది.

వేలు చూపడం వేరు, కొండను కాపాడుకోవడం వేరు. హొరొనుకు యుద్ధాలు చూసినవాడు. 1860ల యుద్ధాలలో ప్రభుత్వ సేనలకు ఎదురు నిలిచాడు. 1869లో ఇదే కొండల పాదాన తె పోరెరె యుద్ధంలో తె కూటీ పక్షాన ఉండి ఓడి, ప్రభుత్వానికి లొంగిపోయాడు. ఆయుధంతో నేల నిలవదని తెలిసింది. కోర్టుతో నిలవదని కళ్ళముందే కనిపిస్తోంది. శిఖరాలను కూడా అందరి పేర ముక్కలు చేస్తే, గొర్రెల మేతకు పనికిరాని ఆ రాళ్ళను ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అమ్మేస్తారు. అల్లుడు లారెన్స్ గ్రేస్ ఒక ఉపాయం చెప్పాడంటారు: శిఖరాలను రాణి చేతిలో పెట్టు, ఎవరూ అమ్మలేని పవిత్ర స్థలంగా ఉంచమను. ఆనాటి మావోరీ వ్యవహారాల మంత్రి జాన్ బాలన్స్ దీనికి ఉత్సాహం చూపాడు. అమెరికాలో యెల్లోస్టోన్ జాతీయోద్యానం ఏర్పడి (1872) అప్పటికి పదిహేనేళ్ళు.

1887 సెప్టెంబరు 23న దస్తావేజు పూర్తయింది. మూడు శిఖరాల భాగం, సుమారు 6,500 ఎకరాలు. హొరొనుకు తన కోరికలు కూడా తెలియజేశాడు. తండ్రి అస్థికలను కొండ మీదినుంచి తగిన చోటికి మార్చాలి. తన తర్వాత తన కొడుకుకు ఈ ఏర్పాటులో చోటుండాలి. ఇచ్చేసి చేతులు దులుపుకునేవాడు ఇలాంటి కోరికలు కోరడు. మరుసటి ఏడు జులైలో హొరొనుకు కన్నుమూశాడు. 1894లో చట్టం వచ్చి తొంగరిరో జాతీయోద్యానం అయింది. ప్రపంచంలోని తొలి కొద్ది జాతీయోద్యానాలలో ఇదొకటి. చరిత్ర పుస్తకాలన్నీ ఈ సంఘటనను మహాదానం అన్నాయి. ఇచ్చినవాడి ఔదార్యాన్ని పొగిడాయి.

దక్షిణ బిలం దాటి గుట్ట ఎక్కితే ఎర్ర బిలం అంచు. బాటలో ఎత్తైన చోటు ఇదే, 1,900 మీటర్లకు కాస్త తక్కువ. ఇనుము తుప్పుపట్టిన ఎరుపు, నలుపు, మధ్యమధ్య గంధకపు పసుపు. కాళ్ళకింద నేల వెచ్చగా ఉంటుంది, రాళ్ళ సందులనుంచి ఆవిరి లేస్తుంది. బిలం గోడలో ఒకప్పుడు కరిగిన రాయి పైకి తన్నిన పగులు సగం తెరిచిన గొట్టంలా కనిపిస్తుంది. అక్కడినుంచి దిగుడు మొత్తం వదులు ఇసుక, కంకర. అడుగు వేస్తే అడుగున్నర జారుతుంది. కింద మూడు చిన్న మడుగులు, పచ్చలు పేర్చినట్టు. చుట్టుపక్కల రాళ్ళనుంచి కరిగి దిగే ఖనిజాలవల్ల వాటికి ఆ రంగు. మరికొంత దూరం నడిస్తే నీలి సరస్సు. ఇది తపు. దాని ఒడ్డున తినవద్దు, తాగవద్దు, నీటిని తాకవద్దు అని కోరతారు. మన ఊళ్ళలో గుడి కోనేట్లో కాళ్ళు కడగవద్దన్నట్టే. ఎవరూ కాపలా ఉండరు. నేను చూసినంతసేపూ ఎవరూ తాకలేదు.

అక్కడినుంచి ఉత్తరంగా దిగుతుంటే దూరాన తౌపో సరస్సు కనిపిస్తుంది. అదీ అగ్నిపర్వత బిలమే. సుమారు 1,800 ఏళ్ళ కిందట అది బద్దలైనప్పుడు చుట్టుపక్కల దేశమంతా బూడిదైంది. దిగే దారి పక్కన ఒక లోయలో తెల్లగా ఆవిర్లు లేస్తుంటాయి. అవి కెతెతాహి వేడినీటి బుగ్గలు. ఆ చోటు జాతీయోద్యానంలో భాగం కాదు. మావోరీ హక్కుదారులు దాన్ని తమ చేతిలోనే ఉంచుకున్నారు. బాట ఆ నేల అంచున పోతుంది గాని బుగ్గల దగ్గరికి ఎవరూ పోకూడదు. శిఖరాలను చేతిలో పెట్టినవాళ్ళు తామేం చేస్తున్నారో తెలియనివాళ్ళు కాదనడానికి ఆ ఆవిర్లే సాక్ష్యం. 2012 ఆగస్టు 6 రాత్రి ఇక్కడికి దగ్గరలోనే తె మారి బిలం హఠాత్తుగా పేలింది. బాట పక్కనున్న బస పైకప్పును రాళ్ళు చీల్చుకుపోయాయి. అదృష్టవశాత్తు ఆ రాత్రి అందులో ఎవరూ లేరు. 2013 మే దాకా బాట పూర్తిగా తెరుచుకోలేదు.

ఉద్యానంలో వేసవి చివర ఊదారంగు పూలు కనుచూపుమేర పరుచుకుంటాయి. ఫొటోలు తీయని యాత్రికుడుండడు. ఆ మొక్క ఈ నేలది కాదు, స్కాట్లండు బీళ్ళలో పెరిగే హెదర్. 1912 తర్వాత ఉద్యానం బాధ్యత చూసిన జాన్ కల్లెన్ అనే మాజీ పోలీసు అధికారి, వేటకు పనికివచ్చే గ్రౌస్ పిట్టలను ఇక్కడ పెంచాలని, వాటి మేతకోసం ఈ మొక్కను నాటించాడు. పిట్టలు నిలవలేదు, మొక్క నిలిచింది. స్థానికమైన గడ్డిని మింగుతూ పాకింది. దాన్ని తినే పురుగును 1996లో తెచ్చి వదలవలసివచ్చింది. పవిత్రంగా ఉంచమని చేతిలో పెట్టిన నేలను వేటతోటగా మార్చాలని చూసిన వైనానికి ఆ పూలే గుర్తు. అందంగా ఉన్నంతమాత్రాన అవి మరోలా చెప్పవు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. న్యూజీలాండులో వైతాంగి ట్రిబ్యునల్ అనే విచారణ సంఘం ఉంది. మావోరీలకు జరిగిన అన్యాయాలను పరిశీలించడం దాని పని. 2013లో అది ఈ కొండల మీద 'తె కాహుయి మౌంగ' అనే పెద్ద నివేదిక వెలువరించింది. హొరొనుకు చేసినది ఇంగ్లీషువారు అనుకున్న అర్థంలో దానం కాదని అందులో తేల్చారు. మావోరీలో ఆ క్రియకు మాట 'తుకు'. వదలడం, పంపడం, ఇవ్వడం అన్నీ అందులో ఉన్నాయి. అయితే తుకుగా ఇచ్చిన నేలతో ఇచ్చినవాడి బంధం తెగదు. పుచ్చుకున్నవాడికి బాధ్యత మొదలవుతుంది. రాణిని కొండకు సహసంరక్షకురాలిగా పిలిచాడు తప్ప, కొండను వదులుకోలేదు. రువపెహు దక్షిణాన ఉన్న ఙాతి రంగి వంటి ఇతర తెగల హక్కులను ఎవరూ అడగలేదని కూడా ఆ నివేదిక ఎత్తిచూపింది. కొండను ప్రభుత్వం సొత్తుగా కాక, తెగలతో కలిసి చూసుకునే కొత్త ఏర్పాటులోకి తేవాలని సూచించింది.

ఈ తేడాను ఇంగ్లీషులో వివరించడానికి ఆ నివేదికకు ఎన్నో పేజీలు పట్టాయి. తెలుగులో ఒక పెళ్ళిపందిరి చాలు. అదే పందిట్లో, అదే పిల్లకు, రెండు తంతులు జరుగుతాయి. మొదటిది కన్యాదానం. పురోహితుడు మంత్రం చదువుతాడు, తండ్రి నీళ్ళు ధారపోస్తాడు. దానమంటే 'న మమ', ఇక నాది కాదు అనడం. రెండవది అప్పగింతలు. పాలలో ముంచిన పిల్ల చేతిని అత్తమామల చేతుల్లో పెట్టి, ఏడుస్తూ, మా పిల్లను మీ పిల్లలా చూసుకోండి అంటారు. అక్కడ 'నాది కాదు' అన్న మాట లేదు. మాదే, ఇకనుంచి మీది కూడా అన్నదే అందులోని భావం. శాస్త్రం మొదటిదాన్ని ముఖ్యమంటుంది. కాని కూతుర్ని పంపిన ఏ తల్లీ దానం చేసి వచ్చానని అనుకోదు, అప్పగించి వచ్చానంటుంది. పిల్లకు అక్కడ కష్టం కలిగితే అడిగే హక్కు ఆ మాటలోనే ఉంది. హొరొనుకు చేసినది అప్పగింత. దస్తావేజు రాసినవాళ్ళు దాన్ని ధారపోతగా నమోదు చేసుకున్నారు.

మాటల్లో ఏముంది అనుకోవచ్చు. దానమైతే పుచ్చుకున్నవాడికి కృతజ్ఞత ఒక్కటే మిగులుతుంది. అప్పగింత అయితే లెక్క చెప్పవలసి ఉంటుంది. హెదర్ ఎందుకు నాటారు? శిఖరానికి దారి గుర్తులు ఎవరినడిగి పెట్టారు? నూరేళ్ళకు పైగా ఈ ప్రశ్నలు అడిగినవారికి దొరికిన జవాబు ఒక్కటే: మీ తాత మహాదాత. పొగడ్త కూడా నోరు మూయించగలదు.

ప్రపంచ వారసత్వ సంస్థ తొంగరిరోను 1990లో ప్రకృతి సంపదగా గుర్తించింది. 1993లో, మనుషులతో దానికున్న ఆత్మీయబంధం కారణంగా, సాంస్కృతిక సంపదగా కూడా గుర్తించింది. సాంస్కృతిక భూదృశ్యం అనే కొత్త కొలమానం కింద లోకంలో మొదట చేరినది ఈ కొండే. అంటే కొండతో మనుషుల బంధం తెగలేదని ప్రపంచం ఒప్పుకుంది.

చట్టం కూడా నెమ్మదిగా ఆ దారినే వస్తోంది. 2017లో న్యూజీలాండు పార్లమెంటు వంగనుయి నదిని చట్టం ముందు ఒక వ్యక్తిగా గుర్తించింది. నది ఎవరి సొత్తూ కాదు, దాని తరఫున మాట్లాడే సంరక్షకులుంటారు. 2025 జనవరిలో తరనాకి కొండకూ అదే హోదా వచ్చింది. ఇది విని ఆశ్చర్యపడినవారు ఎందరో ఉన్నారు గాని, మనకు కొత్తేముంది? గుడి మాన్యం పూజారిదీ కాదు, ధర్మకర్తదీ కాదు, దేవుడిది. మన కోర్టులలో దేవుడు వ్యక్తి, తన పనులు తాను చూసుకోలేని మైనరు వంటివాడు, ఆయన తరఫున మరొకరు నిలబడాలి. ధర్మకర్త మాన్యాన్ని అమ్ముకుంటే ఏమంటామో, ఆ మాట హొరొనుకుకు అర్థమయ్యేది.

మొదట చెప్పిన కథను ఇప్పుడు తలచుకోండి. పోరులో ఓడి పారిపోయిన తరనాకికి తన పేరు తనకు దక్కింది. అది పారిపోతూ చీల్చిన చాలుకూ దక్కింది. గెలిచి చోటు వదలకుండా నిలబడ్డ తొంగరిరోకు ఇంకా దక్కలేదు. 2017లో ఙాతి తూఫారెతోవ తెగతో ప్రభుత్వం పాత అన్యాయాలకు పరిహారపు ఒప్పందం చేసుకున్నప్పుడు ఈ కొండ సంగతి అందులో తేలలేదు. విడిగా మాట్లాడుకోవాలని పక్కన పెట్టారు.

కొండ తొందరపడదు. దాని నిప్పు ఆరలేదు, పొయ్యి ఎవరిదో చూపించమంటే చూపడానికి ఇంకా అక్కడే ఉంది. ఆ దారిన నడిచే లక్షమందిలో మన తెలుగువాళ్ళూ ఏటా ఎందరో ఉంటారు. వారికి నేను చెప్పదలచినది ఒక్కటే. శిఖరాలు ఎక్కవద్దన్న విన్నపాన్ని చూసినప్పుడు దాన్ని రూలుగా చదవకండి. పిల్లను పంపిన ఇంటివాళ్ళ మాటగా చదవండి.